ఆఖరి పది నిమిషాలు

సినిమా హాల్లో ఊడ్చేవాళ్ళంతా అక్కా అని పిలిచే ఆవిడ, తన మెడలోంచి ఐడీ కార్డు తీసి మేనేజరు టేబుల్ మీద పెట్టింది. తాడు చుట్టలు చుట్టి, ఫోటో ఉన్న వైపు కిందికి తిప్పి మరీ పెట్టింది. ఏళ్ళ తరబడి ఉన్న వస్తువు తీసేసరికి, యూనిఫాం మీద తాడు ఆనిన మేర మాత్రం రంగు వెలవకుండా ఒక గీత మిగిలిపోయి కనపడింది.

"నిన్ను నేనేం అనడం లేదమ్మా," అన్నాడు మేనేజరు. "మెట్ల పని నీది. తడి మెట్ల మీద బోర్డు లేదు. పెద్దావిడ పడింది, తుంటి ఎముక విరిగింది. వాళ్ళబ్బాయి ఇందాకటిదాకా ఇక్కడే కూర్చుని వెళ్ళాడు. నన్నేం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

మేనేజరుకి మంచివాడని పేరు. అంటే కేకలు వెయ్యడు. కేకలు వెయ్యకుండా మనుషుల్ని ఇంటికి పంపడం కూడా ఒక విద్యే, అది అతనికి బాగా పట్టుబడింది.

అక్క ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. తెరిచి, గుమ్మం వైపు చూసింది. గుమ్మం పక్కన చెత్తసంచుల కట్ట చంకలో పెట్టుకుని క్లైమాక్సు నిలబడి ఉంది. అక్క కాసేపు అటే చూసి, తెరిచిన నోరు మూసుకుంది.

క్లైమాక్సు అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, ఆ సినిమా హాలు పెట్టిన పేరు. ఆట వదలడానికి పది నిమిషాల ముందే ఊడ్చేవాళ్ళు చీపుళ్ళూ సంచులూ పట్టుకుని లోపలికి వెళ్ళి, తలుపు పక్కన చీకట్లో సిద్ధంగా నిలబడాలి. లైట్లు వెలగ్గానే వరసల్లోకి దూరాలి. మిగతావాళ్ళు ఆ పది నిమిషాలూ గోడకి చేరగిలబడి కునుకు తీస్తారు. ఈమె మాత్రం గుడ్లప్పగించి తెర వైపే చూస్తుంది. ఈమె చూసినన్ని ముగింపులు ఆ ఊళ్ళో ఇంకెవరూ చూసి ఉండరు. మొదలు చూసిన సినిమా మాత్రం ఒక్కటీ లేదు. హీరో ఎవర్ని కొడుతున్నాడో తెలుసు, ఎందుకు కొడుతున్నాడో తెలీదు. పెళ్ళి ఎవరికి జరుగుతోందో తెలుసు, అంతకుముందు ఎవరు ఎవర్ని కాదన్నారో తెలీదు. "ముందు కథ నేను అల్లుకుంటాలే, మీకెందుకు," అని నవ్వేది. అల్లుకోవడంలో చెయ్యి తిరిగిన మనిషి.

బట్టలు మార్చుకునే గదిలో అక్క చాలాసేపు ఉండిపోయింది. యూనిఫాం విప్పి మడతపెట్టింది. మడత నచ్చక మళ్ళీ పెట్టింది. చెప్పు పట్టీ ఊడిందంటూ దాన్ని చేతిలోకి తీసుకుని నేల మీద చతికిలబడింది. క్లైమాక్సు ఎదురుగా బల్ల మీద కూర్చుని తుడిచే గుడ్డ పిండింది. ఇంకోసారి పిండింది. అందులో చుక్క నీళ్ళు లేవు.

"వస్తానే మరి," అంది అక్క చివరికి.

"జాగ్రత్తక్కా."

ఆ మెట్లు తుడిచింది అక్క కాదు, తనే.

ఆ మధ్యాహ్నం అక్క భోజనానికి వెళ్తూ, మెట్ల మీద ఎవరో కూల్ డ్రింకు ఒలకబోశారు, కాస్త తుడిచి పెడతావా, ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయి అని అడిగింది. దానికేం భాగ్యం అని ఈమె బకెట్టు అందుకుంది. పైనుంచి కిందికి ఒక్కో మెట్టూ తుడుచుకుంటూ వచ్చింది. జిగురు వదల్లేదని సబ్బు నీళ్ళతో మళ్ళీ తుడిచింది. మెట్లు జారతాయని రాసిన పసుపు బోర్డు మెట్ల దిగువన గోడకి ఆనించి ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. సరిగ్గా అప్పుడే హాలు తలుపు సందులోంచి వేణువు వినిపించింది.

ఆ సినిమాలో వేణువు మొదలైందంటే ముగింపు మొదలైందని లెక్క. పేరున్న నవల ఏదో తీసుకుని తీశారట. ఏటి ఒడ్డున ఒక ఊరు. వాన. చేతికొచ్చిన ధాన్యం దాచిన కొట్టు మొత్తం బూడిదైపోయి పొగలు కక్కుతూ ఉంటుంది. ఎవరి వల్ల జరిగిందిది అని ఊరి పెద్ద అడుగుతాడు. జనంలోంచి పడవ నడిపే మనిషి ముందుకొస్తాడు. "నేనే. ఇంకెవరూ కాదు," అంటాడు. చేతులు రెండూ బార్లా చాపించి, అతని పడవ తెరచాప కొయ్యకే అతన్ని కట్టేసి వరదలోకి తోసేస్తారు. తెర నల్లబడుతుంది. మూడోనాడు, ఇంకా వెలుగు రాకముందే నీళ్ళకి వచ్చిన ఒక ఆడమనిషికి ఏటికి ఎదురు వస్తున్న పడవ కనపడుతుంది. అందులో ఎవరూ ఉండరు. తాళ్ళు ఊడిపోయి ఉంటాయి. అతను తలకి చుట్టుకునే గుడ్డ మాత్రం బల్ల మీద మడతపెట్టి ఉంటుంది. అప్పుడు ఊరంతా నడుంలోతు నీళ్ళలోకి దిగుతుంది, ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని.

హాల్లో ముక్కులు చీదని మనిషి ఉండడు. చర్చిల నుంచి గుంపులు గుంపులుగా వచ్చి చూస్తున్నారు, పిల్లలకి ఆ కొయ్య ఏమిటో ఆ మూడు రోజులేమిటో చెవుల్లో చెబుతున్నారు. క్లైమాక్సుకి ఎవరూ చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు ఆదివారపు బడిలో విన్నవాటిలో ఆమెకి ఒక్క కథ మిగిలింది. ప్రభువు పక్కన ఇంకో సిలువ మీద వేలాడుతూ, నేను చేసినదానికి నాకీ శిక్ష తగినదే అని ఒప్పుకున్న దొంగ కథ. ఒప్పుకున్నవాడికి ఆ రోజే పరలోకం తలుపు తీశారు. కొయ్యకి కట్టిన పడవవాణ్ణి చూడగానే ఆమె ఆ దొంగని గుర్తుపట్టింది. ఏదో తప్పు చేశాడు. నలుగురి ముందూ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడు గనకే తాళ్ళు ఊడాయి. కథ అతుకు కనపడకుండా అతికింది. "నేనే" అని అతను అన్నప్పుడల్లా ఆమెకి ఒళ్ళు జలదరించేది, కళ్ళ నీళ్ళు వాటంతటవే కారేవి, లోపలున్న మురికి ఎవరో కడిగేస్తున్నట్టుండేది. రోజంతా ఊడ్చే మనిషికి తనని ఎవరో శుభ్రం చేస్తున్నారంటే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా.

అందుకే ఆ వేళ వేణువు వినగానే, ఆట వదిలేదాకా ఎవరొస్తారులే, వచ్చి పెడదాం అనుకుని బోర్డు ముట్టుకోకుండా లోపలికి పరిగెత్తింది. లోపల పడవ ఒడ్డుకి వస్తూండగా బయట మెట్ల మీద కేక వినిపించింది. పెద్దావిడ ఎవరో చివరిదాకా ఆగలేక బాత్రూంకని లేచి వచ్చింది.

*

మర్నాడు పొద్దున్న ఈ సంగతి మొగుడితో చెప్పింది. అతను డెలివరీ వ్యాన్ నడుపుతాడు. బూట్లు తొడుక్కుంటూ విన్నాడు.

"నిన్నెవరైనా అడిగారా?"

"లేదు."

"అడగనిదానికి జవాబు చెప్పే మనిషిని నిన్నే చూస్తున్నా."

"అక్క పని పోయిందయ్యా, నా మూలంగా."

"పోయింది. పోయిందాన్ని నువ్వు తెచ్చి పెట్టగలవా? నీది కూడా పోగొట్టుకుంటావు. అప్పుడీ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు, ఆ పడవవాడొచ్చి వెలిగిస్తాడా?" లేసు బిగించి లేచాడు. గుమ్మం దాటాక మళ్ళీ తల లోపలికి పెట్టాడు. "నీ మంచికే చెప్తున్నా. మనసులో పెట్టుకో. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది."

సర్దుకోలేదు. ఆ రోజు మొదటి ఆట ముగింపులో పడవవాడు "నేనే" అన్నప్పుడు ఆమెకి ఏడుపు రాలేదు. రెండో ఆటకి కళ్ళు నేలకి దించుకుని నిలబడింది. చెవులు ఎక్కడికి దించుకుంటుంది. ఇదివరకు హాయిగా కడిగిన ఆ మాటే ఇప్పుడు గోళ్ళతో గోకినట్టుంది. ఏజెన్సీ పంపిన కొత్త మనిషి పక్కన నిలబడి చూయింగ్ గమ్ నములుతోంది. అక్క యూనిఫామే ఆమెకి ఇచ్చారు, కొలతకి వదులై భుజాలు జారుతున్నాయి. మెడ దగ్గర ఆ వెలవని గీత అలాగే ఉంది.

ఆ వారమంతా ఇదే తంతు. లైట్లు వెలిగితే వరసల్లోకి దూరి పేలాలూ కప్పులూ సంచిలోకి ఊడ్చేది, సీట్ల కింద అంటుకున్న జిగురు గోకేది, లైట్లు ఆరితే బయటికొచ్చి ఇంకో హాల్లోకి. ఎక్కడున్నా ఆ వేణువు మొదలయ్యే వేళ కాళ్ళు ఆ తలుపు దగ్గరికే లాక్కొచ్చేవి. వద్దనుకుంటూనే వచ్చేది. తప్పు చేసినవాడు కూడా తాళ్ళు తెంచుకుని పోగలడని చెప్పిన చోటు లోకంలో ఆమెకి అదొక్కటే.

శనివారం రెండో ఆటకి చర్చి వాళ్ళు మొత్తం హాలు మాట్లాడుకున్నారు. పడవ ఒడ్డుకి వచ్చేసరికి సగంమంది లేచి నిలబడ్డారు. ఎవరో సన్నగా పాట ఎత్తుకున్నారు, మిగతావాళ్ళు గొంతు కలిపారు. ఆ పాట ఆమెకి రాదు. కానీ ఆ చీకట్లో, చేతిలో చీపురుతో, ఆమె మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. కొత్త మనిషి వంగి, "ఏమైందండీ, ఏమైనా పడిపోయిందా?" అని అడిగింది. క్లైమాక్సు తల అడ్డంగా ఊపి లేచింది. లేచి, వరసల్లోకి వెళ్ళలేదు. తిన్నగా మేనేజరు గదికి నడిచింది.

*

"సార్, ఆ మెట్లు తుడిచింది నేను. అక్క కాదు. బోర్డు పెట్టనిది కూడా నేనే. ఇంకెవరూ కాదు."

ఆఖరి మాట తనది కాదని అన్నాక గానీ తెలియలేదు. మేనేజరు టీ తాగుతున్నాడు. కప్పు కింద పెట్టి తలుపు దగ్గరికి వేశాడు.

"తెలుసమ్మా," అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు.

"ఆవిడ వెళ్ళిపోయాక కెమెరా చూశాను. బకెట్టు పట్టుకుని నువ్వే కనపడ్డావు. బోర్డు వంక చూడ్డం, లోపలికి పరిగెత్తడం, అంతా ఉంది."

"మరి అక్కని వెనక్కి పిలవలేదేం సార్?"

"ఎలా పిలుస్తానమ్మా? బాధ్యుల్ని తీసేశామని పైవాళ్ళకి రిపోర్టు వెళ్ళిపోయింది. పడినావిడ కొడుక్కీ అదే చెప్పాం, ఆయన శాంతించాడు. ఇప్పుడు కాదు బాబోయ్, మనిషి మారిందంటే ముందు నన్ను పీకుతారు. నాకూ పెళ్ళాం పిల్లలున్నారు."

"పోనీ నేను మానేస్తాను సార్. నా చోట్లో అక్కని పెట్టుకోండి."

"నువ్వు మానేస్తే నీ చోట్లోకి ఏజెన్సీ వాళ్ళు ఇంకొకళ్ళని పంపుతారు. ఆవిడ పేరు మాత్రం మళ్ళీ ఎక్కదు. అంటే ఇద్దరు పోయినట్టు. ఎవరికి లాభం?" అతను నిజంగానే ఆలోచించి చెప్పినట్టు చెప్పాడు. తర్వాత ఆమె మొహం చూసి జాలిపడ్డాడు. "కూర్చో. మంచినీళ్ళు తాగు. ఈ రోజుల్లో వచ్చి ఒప్పుకునేవాళ్ళు ఎవరున్నారు చెప్పు. నీ భారం దిగిపోయింది కదా, ఇంక హాయిగా పని చేసుకో. నిజం చెప్పాలంటే ఆ కొత్తావిడ మీద నాకు నమ్మకం లేదు. రేపటి నుంచి మెట్లు కూడా నువ్వే చూసుకో. నీలాంటి మనిషైతే నాకు బెంగ ఉండదు."

తాళ్ళు ఊడటం అంటే ఇదే కాబోలు. ఆమె నీళ్ళు తాగకుండా బయటికొచ్చింది. ఒప్పుకోవడానికి ఎంత గుండె దిటవు కావాలో సినిమాలో చూపించారు. ఒప్పుకున్నా పుచ్చుకునేవాడు ఉండకపోవచ్చని ఎక్కడా చూపించలేదు. తప్పు మళ్ళీ ఆమె చేతికే తిరిగొచ్చింది, పైన మెట్ల పని బహుమానంతో సహా.

*

సెలవు రోజున అక్క ఇంటికి వెళ్ళింది. బేకరీ వెనక సందులో మేడ మీద గది. గది నిండా అట్టలు. కేకుల డబ్బాలకి కోసిన చదును అట్టలు ఒక పక్క నిలువెత్తు పేర్చి ఉన్నాయి, మడిచిన డబ్బాలు ఇంకో పక్క. అక్క నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని మడుస్తోంది. నాలుగు అంచులు లేపడం, మూలల్లో చెవులు లోపలికి తొయ్యడం, మూత గాడిలో దూర్చడం. అక్క కూతురు, కాలేజీలో చదివే పిల్ల, కిటికీ కింద కూర్చుని అదే పని చేస్తోంది.

"రావే క్లైమాక్సూ. చోటు చూసుకుని కూర్చో," అంది అక్క.

కూర్చుంది. చేతులు ఊరికే ఉంచలేక ఒక అట్ట అందుకుంది. చెవి గాడిలో దూరక నలిగింది. అక్క ఏమీ అనకుండా దాన్ని తీసుకుని విప్పి, సరిచేసి మడిచి పక్కన పెట్టింది.

"అక్కా, ఆ వేళ మెట్ల మీద..."

"తెలుసు."

"మేనేజరు చెప్పాడా?"

"వాడెందుకు చెప్తాడు. నేను తుడవని మెట్లు తడిగా ఉంటే, ఎవరు తుడిచారో నాకు తెలీదటే? నేనే కదా నిన్ను తుడవమంది."

ఇంత చిన్న సంగతి ఈ వారం రోజుల్లో ఆమెకి తట్టనే లేదు. తన తప్పు తనొక్కదానికే తెలుసనుకుని దాన్ని అపురూపంగా మోసింది.

"మరి అక్కడ చెప్పలేదేం?"

అక్క మూత గాడిలోకి దూర్చింది. "చెప్దామనే నోరు తెరిచా. నువ్వు గుమ్మంలోనే ఉన్నావు. నా నోటితో అంటే నిన్ను ఇరికించినట్టుంటుంది, అదే చెప్తుందిలే అనుకున్నా. చెప్పలేదు. సరే, మగాడి ముందు భయపడిందేమో, తర్వాత చెప్తుందిలే అని గదిలో కూర్చున్నా. ఆ చెప్పు పట్టీకి ఏమీ కాలేదే. ఊడిందని అబద్ధమాడి ఎంతసేపని చేత్తో పట్టుకుని కూర్చోను."

క్లైమాక్సుకి తల ఎత్తడం చేతకాలేదు. అట్ట అంచు మీద వేలు పెట్టి రాస్తూ ఉండిపోయింది. అక్క కూతురు మడవడం ఆపింది.

"చెప్పాక్కా. మొన్న శనివారం వెళ్ళి చెప్పా. ఆ సినిమాలో పడవవాడు ఒప్పుకున్నాడు కదా, నేనూ అలాగే ఒప్పుకుంటే..."

"వాడేం ఒప్పుకున్నాడే?"

"కొట్టు తగలబెట్టానని."

తల్లీ కూతురూ మొహాలు చూసుకున్నారు. అక్కకి నవ్వొచ్చింది. చాలాకాలానికి వచ్చిన నవ్వులా ఉంది, సగంలోనే ఆగిపోయింది.

"పిన్ని చూసేది ఆఖరే కదమ్మా," అంది కూతురు మెల్లగా. తల్లికి చెప్పి ఈమె వైపు తిరిగింది. "పిన్నీ, పడవవాడు ఏ తప్పూ చెయ్యలేదు. మేమిద్దరం స్టాఫ్ టిక్కెట్ల మీద మొదటినుంచీ చూశాం. కొట్లో దీపం ఆర్పడం మర్చిపోయి వెళ్ళింది ఇంకొకడు. ముతక శాలువా కప్పుకుని ఉంటాడు. విచారణప్పుడు జనంలో వెనకాల నిలబడి ఉంటాడు, చూడు. వాడు నోరు విప్పడు. అందుకని పడవవాడు ఆ నింద తన మీద వేసుకుంటాడు."

క్లైమాక్సు చేతిలో అట్ట అలాగే ఉంది. ఎన్నిసార్లు చూసింది ఆ ముగింపు. ఆ జనం వెనక్కి ఒక్కసారైనా చూడలేదు.

"అయితే నువ్వే అక్కా," అంది. "ఆ పడవవాడు నువ్వే."

అక్క చేతిలోని డబ్బా కింద పెట్టింది.

"నన్ను పడవవాణ్ణి చెయ్యకే. వాడు కావాలని తన నెత్తిన వేసుకున్నాడు. నా నెత్తిన మీరు పెట్టారు. రెండూ ఒకటి కాదు."

కింద బేకరీలో ఎవరో ట్రేలు దింపుతున్న చప్పుడు.

"నన్ను క్షమించక్కా."

"క్షమించాననుకో. దానికేం పోయింది, మాటే కదా. రేపు పొద్దున్న లేచి నేను ఏ పనికెళ్ళాలో అది కూడా చెప్పు." అక్క మళ్ళీ అట్ట అందుకుంది. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదని క్లైమాక్సుకి అనిపించింది.

లేచి గుమ్మం దాకా వచ్చి ఆగింది. "ఆ శాలువా మనిషి చివరికి ఏమవుతాడమ్మా?" అని కూతుర్ని అడిగింది.

"నవల్లో అయితే సగం పుస్తకం వాడి గురించే పిన్నీ. సినిమాలో అదంతా తీసేశారు. పుస్తకంలో వాడు..."

"చాల్లేవే," అంది అక్క. "పొద్దుపోతోంది. మిగతా కట్ట కూడా ఈ పూటే ఇచ్చెయ్యాలి. దాన్ని వెళ్ళనీ."

*

మర్నాడు రెండో ఆటకి వేణువు మొదలైనప్పుడు క్లైమాక్సు మెట్ల మీదినుంచి లేచి లోపలికి వెళ్ళింది. ఈసారి పడవవాడి వంక చూడలేదు. జనం వెనక్కి చూసింది.

ఉన్నాడు. వానలో తడిసి బరువెక్కిన ముతక శాలువా, గడ్డం దాకా లాక్కున్నాడు. ఎవరి వల్ల జరిగిందిది అని పెద్ద అడిగినప్పుడు అందరికంటే ముందు అతని తలే లేచింది. నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోరు చూసి ఆమె ఊపిరి బిగపట్టింది, ఈసారైనా చెప్తాడేమో అన్నట్టు. "నేనే. ఇంకెవరూ కాదు," అంది పడవవాడి గొంతు. శాలువా మనిషి నోరు మూసుకున్నాడు. అతని మొహంలో మొదట వచ్చింది బాధ కాదు. హమ్మయ్య అనుకున్న మనిషి మొహం అది. ఆ మొహం ఆమెకి అద్దం అక్కర్లేకుండా తెలుసు. అంతలో బొమ్మ పడవవాడి చేతుల మీదికి వెళ్ళిపోయింది, తాళ్ళు బిగిశాయి, హాల్లో ముక్కులు చీదడం మొదలైంది.

ఆమె ఆగి చూసింది. తెల్లవారుజామైంది, పడవ వచ్చింది, ఊరు నీళ్ళలోకి దిగింది. ఒక్కో మొహం వెతికింది. ముసలివాళ్ళు, పిల్లలు, ఊరి పెద్ద కూడా ఉన్నాడు. శాలువా లేదు. పేర్లు పడ్డాయి, లైట్లు వెలిగాయి.

తలుపు దగ్గర అందరికంటే ముందు వస్తున్న ఒకావిడ కళ్ళు తుడుచుకుంటోంది. మెడలో సన్నటి గొలుసుకి చిన్న సిలువ.

"అమ్మా, ఒక మాట," అంది క్లైమాక్సు. "ఆ శాలువా మనిషి ఏమవుతాడండీ చివరికి?"

"ఏ శాలువా మనిషి?"

"జనంలో వెనకాల ఉంటాడు. దీపం ఆర్పనివాడు."

ఆవిడ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. పక్కనున్న భర్తని అడిగింది. అతనూ పెదవి విరిచాడు. అప్పుడావిడ ఈమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆవిడ అరచేతులు కన్నీళ్ళతో తడిగా ఉన్నాయి.

"ఎంత గొప్ప సినిమా అమ్మా. మీరు రోజూ చూడొచ్చు, అదృష్టవంతులు," అంది.

వెనక జనం ఒత్తుకుంటున్నారు. క్లైమాక్సు చెయ్యి విడిపించుకుని, పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. అందరూ మెట్లు దిగి వెళ్ళిపోయేదాకా అక్కడే నిలబడింది. తర్వాత గోడకి ఆనించిన పసుపు బోర్డు తెచ్చి, రెండు కాళ్ళూ విప్పి, మెట్ల మధ్యలో నిలబెట్టింది. మెట్లు పొడిగానే ఉన్నాయి.